ఎరువు ఏటిపాలు కాకుండా: మల్బరీ రైతులకు ఒక పాఠం



కత్తిరింపు అయిన వారం రోజులకు మల్బరీ తోటలో మోడులు, వాటి మధ్య ఉత్త నేల తప్ప మరేమీ కనిపించదు. వరి పొలం, చెరకు తోట ఏడాదిలో ఒకటి రెండుసార్లు ఇలా బోసిపోతాయి. మన తోటలో ఏడాదికి ఐదు పంటలు తీస్తే ఐదుసార్లు నేల బోసిపోతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే మనం వరుసల మధ్య దున్నుతాం, కలుపు తీస్తాం, ఎరువు చల్లుతాం. ఆ వారంలోనే గట్టి వాన ఒకటి పడిందంటే గుల్ల చేసిన మట్టి, చల్లిన యూరియా కలిసి గట్టు దాటుతాయి. గట్టు దాటిన నీరు వాగులోకి, వాగు నుంచి చెరువులోకి, చెరువు అలుగు దాటి ఏటిలోకి పోతుంది. అంగట్లో డబ్బు కట్టి తెచ్చిన ఎరువు మన ఆకులోకి చేరకుండానే ఊరు దాటిపోతుంది.

ఈ పాఠంలో పురుగుల మాట కొంచెం తక్కువ, మట్టి, నీళ్ళ మాట కొంచెం ఎక్కువ. అయితే చివరికి తేలేది గూళ్ళ దిగుబడి దగ్గరే. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో తమిళం చదువుకున్న మన పిల్లలు ఎందరో తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదువుతారు. అటువంటి చోట పెద్దలు ఎవరైనా దీన్ని గట్టిగా చదివి వినిపించాలని కోరుతున్నాం.

మన ఊళ్ళు, మన ఏళ్ళు

విజయనగర రాజుల కాలంలోను, ఆ తరువాత 16వ శతాబ్దంలో మధుర నాయకుల రాజ్యం నిలిచినప్పుడును తెలుగు కుటుంబాలు ఈ దక్షిణ దేశానికి వచ్చి స్థిరపడ్డాయి. కోయంబత్తూరు, పల్లడం, ఉడుమలపేట వైపున నల్లరేగడి నేలలను, మధుర, తేని, బోడినాయకనూరు వైపున కొండ కింది నేలలను సాగులోకి తెచ్చినవారిలో మన పెద్దలు ఉన్నారు. వానలు అంతంత మాత్రమైన ఈ నేలల్లో వాళ్ళు బతికింది బావిని, చెరువును నమ్ముకునే. పత్తి, చోళం పండిన అటువంటి నేలల్లో ఈనాడు మల్బరీ పెరుగుతోంది.

ఈ నేలల నీరంతా మూడు ఏళ్ళలోకి దిగుతుంది. వెళ్ళియంగిరి కొండల్లో పుట్టే నొయ్యల్ కోయంబత్తూరు, తిరుప్పూరు మీదుగా వెళ్ళి కావేరిలో కలుస్తుంది. ఉడుమలపేటకు దక్షిణాన కొండల నుంచి దిగే అమరావతి ధారాపురం, కరూరు దాటి అదే కావేరిలో కలుస్తుంది. వరుసనాడు కొండల్లో పుట్టే వైగై తేని, మధుర, రామనాథపురం సీమల దాహం తీరుస్తుంది. మన తోట వీటిలో ఏ ఏటికి పారుతుందో ప్రతి రైతుకూ తెలిసి ఉండాలి. ఏటిలోకి నీరు దించే ఈ మొత్తం భూభాగాన్నే పరీవాహక ప్రాంతం అంటారు. ఏటి గట్టున ఉన్న పొలం మాత్రమే పరీవాహక ప్రాంతం అనుకోకూడదు. ఏటికి పది మైళ్ళ దూరంలో ఉన్నా, వాన పడ్డప్పుడు నీ గట్టు దాటిన నీరు ఎటు పోతుందో అటువైపు ఏటికి నువ్వు కూడా బాధ్యుడివే.

వైగై ఆనకట్ట 1959లో ప్రారంభమైంది. 71 అడుగుల నీటిమట్టం నిండితే మధుర రైతు మొహం వెలుగుతుంది. అయితే ఆనాటి నుంచి కొండల మీద నుంచి, వాలు పొలాల నుంచి కొట్టుకు వచ్చిన మట్టి అడుగున పేరుకుంటూనే ఉంది. మట్టం అదే 71 అడుగులు చూపించినా, అడుగున మట్టి ఎంత మేర ఉన్నదో అంత మేర నీరు తక్కువే. వరుసనాడు, మేఘమలై అడవులను కాపాడితే వైగై ఊట కూడా నిలుస్తుంది. 2021లో శ్రీవిల్లిపుత్తూరు – మేఘమలై అడవిని పులుల అభయారణ్యంగా ప్రకటించడం ఏటికీ మేలు చేసే పని. కానీ అడవి అంచు నుంచి ఆనకట్ట దాకా ఉన్న పొలాల మట్టిని ఆపవలసింది ఆ పొలాల రైతులే.

మట్టి ఒక దొంగ, నీరు మరో దొంగ

ఎరువు తోట నుంచి రెండు దారుల్లో పోతుంది. ఈ రెండు దారులూ వేరు వేరని తెలుసుకుంటే సగం పని అయినట్లే.

భాస్వరం మట్టి రేణువులను గట్టిగా పట్టుకుని ఉంటుంది. సూపర్ ఫాస్ఫేట్ గాని, డి.ఎ.పి. గాని వేసిన తరువాత అది నీటితో కిందికి పెద్దగా జారదు. మట్టి కొట్టుకుపోతేనే అది పోతుంది. అందులోనూ వాన నీరు ముందుగా మోసుకుపోయేది పైపొరలోని సన్నని బంక రేణువులను, కుళ్ళిన పెంటను. భాస్వరం ఎక్కువగా ఉండేది వాటిలోనే. కాబట్టి మట్టిని ఆపితే భాస్వరం ఆగుతుంది.

నత్రజని సంగతి వేరు. యూరియా నేలలో కొద్ది రోజుల్లోనే నైట్రేటుగా మారుతుంది. నైట్రేటు ఉప్పులాగా నీటిలో కరిగిపోతుంది, మట్టిని పట్టుకుని ఉండదు. పైన పారే నీటితో వాగులోకి పోతుంది, లోపలికి ఇంకే నీటితో బావిలోకి దిగుతుంది. గట్టు ఎంత ఎత్తు వేసినా దీన్ని ఆపలేం. దీనికి మందు ఒక్కటే: మొక్క వేరు తీసుకోగలిగినప్పుడు, తీసుకోగలిగినంత మాత్రమే వేయాలి.

ఒక లెక్క చూడండి. ఎకరం నేల నుంచి కేవలం ఒక మిల్లీమీటరు మందాన మట్టి పోయిందనుకుందాం. కంటికి ఆనదు, రైతు గమనించడు. కానీ ఎకరానికి అది నాలుగు ఘనపు మీటర్ల మట్టి, అంటే సుమారు 5 టన్నుల పైమాటే. దాదాపు రెండు ట్రాక్టరు లోడ్లు! పోయేది కూడా అట్టడుగు గట్టి మట్టి కాదు, ఏళ్ళ తరబడి పెంట వేసి మనం తయారు చేసుకున్న పైపొర.

మీ తోటలో ఇది జరుగుతున్నదో లేదో తెలుసుకోవడానికి ఏ పరికరమూ అక్కరలేదు. గట్టి వాన పడుతున్నప్పుడు గొడుగు వేసుకుని తోట పల్లపు మూలకు వెళ్ళి, అక్కడ బయటికి పోతున్న నీటిని ఒక గాజు సీసాలో పట్టండి. మరునాటి ఉదయానికి సీసా అడుగున మట్టి ఎంత దిగిందో చూడండి. ఒక వేలు మందం దిగితే తోటకు వైద్యం అవసరమని అర్థం. పక్క రైతు తోట నీటిని కూడా పట్టి రెండు సీసాలూ పక్కపక్కన పెడితే ఊళ్ళో ఎవరి ఉపన్యాసమూ అక్కరలేదు.

చెరువులోకి చేరిన ఎరువు ఏం చేస్తుంది

ఎరువు నేలలో ఉంటే మల్బరీని పెంచుతుంది, చెరువులో ఉంటే నాచును, గుర్రపుడెక్కను పెంచుతుంది. ఒక కిలో భాస్వరంతో వందల కిలోల నాచు పెరగగలదు. నాచు, డెక్క నీటి మీద కమ్ముకుంటే వెలుతురు కిందికి దిగదు. అవి చచ్చి కుళ్ళేటప్పుడు నీటిలోని ప్రాణవాయువును లాగేస్తాయి. తెల్లవారేసరికి చేపలు నోరు తెరుచుకుని పైకి తేలడం చూసే ఉంటారు. డెక్క నిండిన కాలువలో నీరు పారదు, వంతు రోజున చివరి ఆయకట్టుకు నీరు చేరదు. అడుగున మట్టి పేరుకున్న చెరువు ఒక్క వానకే నిండినట్టు కనిపించి, మాసి నెలకే ఎండిపోతుంది. చెరువు ఎండితే చుట్టుపక్కల బావులు దిగిపోతాయి. బావి దిగితే మొదట వాడేది మల్బరీయే.

తాగునీటి సంగతి మరీ ముఖ్యం. మన దేశపు ప్రమాణాల ప్రకారం తాగే నీటిలో లీటరుకు 45 మిల్లీగ్రాములకు మించి నైట్రేటు ఉండకూడదు. అంతకు మించిన నీటితో పాలపొడి కలిపి పట్టిన పసిబిడ్డలకు రక్తం ప్రాణవాయువును మోయలేక ఒళ్ళు నీలి రంగుకు తిరిగే ప్రమాదం ఉంది. పడమటి జిల్లాల్లో కొన్ని బావుల నీరు ఈ హద్దు దాటి ఉంది. దీనికి ఎరువులు ఒక్కటే కారణం కాదు, పశువుల కొట్టాల మురుగు, మరుగుదొడ్ల గుంతలు కూడా కారణమే. తోటలో బావి ఉండి ఆ నీరే ఇంటికి వాడుకునేవారు ఒకసారి నీటిని పరీక్ష చేయించుకోవాలి. నైట్రేటును మరగకాచినా పోగొట్టలేం. మరిగే కొద్దీ నీరు తగ్గి, అది ఇంకా చిక్కబడుతుంది.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. నొయ్యల్ చెడిపోవడానికి రైతు ప్రధాన కారణం కాదు. కోయంబత్తూరు నగరపు మురుగు, తిరుప్పూరు అద్దకం పనివాడల రంగునీరు ఆ ఏటిని ముంచాయి. 1990ల ఆరంభంలో సాగునీటి కోసం కట్టిన ఒరత్తుపాళయం ఆనకట్ట చివరికి అద్దకపు ఉప్పునీటి గుంటగా మారిపోయింది. దిగువ రైతులే న్యాయస్థానానికి వెళ్ళారు. చుక్క మురుగు కూడా బయటికి వదలకూడదని మద్రాసు హైకోర్టు 2006లో ఆదేశించింది. ఆ ఆదేశం పాటించని అద్దకపు యూనిట్లను మూసివేయమని 2011 జనవరిలో మళ్ళీ ఆజ్ఞాపించింది. అంత పెద్ద పోరాటం చేసిన రైతు, తన తోట నీరు ఎలా పోతున్నదో కూడా చూసుకుంటే ఆ మాటకు బలం పెరుగుతుందని మా అభిప్రాయం. ఫ్యాక్టరీ గొట్టాన్ని మూయించడానికి కోర్టు కావాలి, తోట గండిని పూడ్చడానికి పార చాలు.

ఎరువు ఎంత, ఎప్పుడు

నీటి వసతి ఉన్న వి-1 రకం తోటకు ఏడాదికి హెక్టారుకు 350 కిలోల నత్రజని, 140 కిలోల భాస్వరం, 140 కిలోల పొటాష్ సిఫార్సు. దీన్ని ఐదు పంటలకు సమానంగా పంచాలి. ఎకరం లెక్కకు మార్చితే ఒక్కో పంటకు నత్రజని 28 కిలోలు, భాస్వరం, పొటాష్ 11 కిలోల చొప్పున పడతాయి. బస్తాల లెక్కలో చెప్పాలంటే డి.ఎ.పి. 24 కిలోలు, యూరియా 51 కిలోలు, మ్యూరేట్ ఆఫ్ పొటాష్ 19 కిలోలు. ఇప్పుడు యూరియా బస్తా 45 కిలోలే వస్తున్నది. 50 కిలోల బస్తా అలవాటుతో లెక్క కట్టేవారు ఈ తేడా గమనించాలి. ఇది పరీక్ష చేయించని నేలకు సాధారణ సిఫార్సు. మట్టి పరీక్షలో భాస్వరం ఇప్పటికే ఎక్కువగా ఉందని తేలితే ఆ మేరకు తగ్గించాలి.

ఈ లెక్క కంటే రెట్టింపు యూరియా వేసే తోటలు మా పరిధిలోనే చాలా ఉన్నాయి. ఉడుమలపేట దగ్గర ఒక పెద్దాయన అడిగిన ప్రశ్న ఇది: “సారూ, ఆకు నల్లగా నిగనిగలాడితేనే కదా పురుగు ఇష్టంగా తినేది?” ఆయనకు చెప్పిన జవాబే మీకూ చెబుతున్నాం. “పెద్దాయనా, ఆ నలుపులో సగం నీళ్ళే. అలాంటి ఆకు తిన్న పురుగు లద్దె తడిగా పడుతుంది, పడక చెమ్మగిల్లుతుంది, వానాకాలంలో చెమ్మ పడకలో ఏం పుడుతుందో మీకు తెలియనిదా?” చెమ్మ పడకలో సున్నపుకట్టు రోగం అంటుకుంటుంది. మెత్తటి ఆకు తిన్న నాలుగో, ఐదో జ్వరపు పురుగులో ఫ్లాచరీ కనిపిస్తుంది. ఎక్కువ వేసిన యూరియాలో కొంత ఏటికి పోతే, మొక్కలోకి వెళ్ళినది కూడా గూటిని పెంచదు. రెండు విధాలా నష్టమే.

ఎప్పుడు వేయాలన్నది ఎంత వేయాలన్న దానికంటే ముఖ్యం. కత్తిరించిన మరునాడే ఎరువు వేయడం మన వైపు అలవాటు. దున్నేటప్పుడే చల్లేస్తే ఒక పని అయిపోతుందని. కానీ ఆకులు లేని మోడుకు ఆకలి ఉండదు. చిగురు వచ్చి నాలుగైదు ఆకులు విచ్చే వరకు వేరు నత్రజనిని పెద్దగా తీసుకోదు. కత్తిరింపు అయిన సుమారు 20 రోజులకు ఎరువు వేయాలి. మొదళ్ళకు దూరంగా వరుస పక్కన నాగలి చాలు తీసి, అందులో పోసి, మట్టి కప్పి, తేలికగా తడి ఇవ్వాలి. పైన చల్లి వదిలేసిన యూరియాలో కొంత గాలికి ఎగిరిపోతుంది, మిగిలినది మొదటి వానకు పోతుంది.

అయిప్పసి, కార్తిగై నెలల్లో ఈశాన్య రుతుపవనం బలంగా ఉంటుంది. ఈ పంటకు మాత్రం యూరియాను రెండు భాగాలు చేసి, 20వ రోజున సగం, 35వ రోజున సగం వేయడం మేలు. కూలి ఒక రోజు ఎక్కువ అవుతుంది, నిజమే. ఒక్క వానకు పోయే యూరియాతో పోల్చి చూసుకోండి. వాన సూచన ఉన్నప్పుడు బస్తా విప్పకూడదు. ఇప్పుడు ప్రతివారి చేతిలో ఫోను ఉంది, వాతావరణ శాఖ సూచన అందులోనే వస్తుంది. రెండు మూడు రోజులు ఆగితే మల్బరీకి వచ్చే నష్టం ఏమీ లేదు.

పరంబికుళం – ఆళియారు కాలువ కింద ఉన్నవారికి ప్రత్యేకంగా ఒక సూచన. మన వంతు వచ్చినప్పుడు మళ్ళీ ఎప్పుడు వస్తుందోనని తోట నిండా నీరు నింపేస్తాం. ఎరువు వేసిన వారంలో అలా నింపితే నత్రజని వేరు దాటి కిందికి జారిపోతుంది. వంతు నీరు అయిపోయిన తరువాత ఎరువు వేసి, బావి నీటితో తేలికగా తడపాలి. బిందు సేద్యం ఉంటే ఈ బాధే లేదు, నీటిలో కరిగే ఎరువులను కొద్ది కొద్దిగా గొట్టంలోనే ఇవ్వవచ్చు. తమిళనాడులో బిందు సేద్యానికి చిన్న, సన్నకారు రైతులకు నూరు శాతం, మిగతా రైతులకు 75 శాతం రాయితీ ఇస్తున్నారు. దరఖాస్తుకు ముందు ఈ ఏటి నిబంధనలు మీ దగ్గరి కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి.

మట్టిని నిలబెట్టడం

కొత్తగా నాటే తోటలో వరుసలు వాలుకు అడ్డంగా ఉండాలి. ఇది ఒక్కటి సరిగా చేస్తే మిగిలిన సగం పనులు అక్కరలేదు. ట్రాక్టరు తిరగడానికి సులువని వాలు వెంట వరుసలు వేసిన తోటలు ఇప్పుడు పీకి నాటలేం కదా. అటువంటి తోటలో ప్రతి పదిహేను, ఇరవై మొక్కలకు ఒకచోట వరుసల మధ్య చిన్న అడ్డకట్ట వేయాలి. జానెడు ఎత్తు చాలు. నీరు పరుగు తీయకుండా ఆగి ఇంకుతుంది.

జోడు వరుసల తోటలో ఐదు అడుగుల ఖాళీ ఉంటుంది. మట్టి కొట్టుకుపోయేది ఎక్కువగా అక్కడి నుంచే. కత్తిరింపు కాగానే ఆ ఖాళీలో జనుము గాని, అలసంద గాని చల్లితే పది రోజుల్లో నేల పచ్చబడుతుంది. పూతకు ముందే కోసి అక్కడే పరిచేయాలి. వాన చినుకు నేరుగా నేలను కొట్టదు, పైగా ఎరువు ఖర్చు తగ్గుతుంది. కత్తిరించిన మల్బరీ కొమ్మలను పొయ్యిలోకి పంపేముందు, సన్నని రెమ్మలైనా నరికి వరుసల మధ్య పరచండి. వాటికి కలుపును అణచే గుణం కూడా ఉంది.

తోట పల్లపు అంచున నాలుగైదు అడుగుల వెడల్పున గడ్డి పట్టీ వదలాలి. వట్టివేరు చాలా మంచిది, దాని వేరు గోడలాగా లోపలికి దిగుతుంది. అయితే మన రైతుకు పశువు తినే గడ్డి అంటేనే ఇష్టం. కాంగేయం వైపు కొరంగాడులను చూడండి. కిలువై కంచె, మధ్యలో తెల్లతుమ్మ చెట్లు, కింద కొళుక్కట్టై గడ్డి. కరువులో కూడా ఎద్దులను బతికించిన ఆ ఏర్పాటులో మట్టి గడప దాటదు. ఆ గడ్డినే మన తోట అంచున నాటితే మట్టిని వడకట్టే జల్లెడ అవుతుంది, పాడి పశువుకు మేత అవుతుంది. గడ్డి పట్టీని దున్ని రెండు వరుసల మల్బరీ ఎక్కువ నాటాలనే ఆశ మాత్రం వద్దు. ఆ పట్టీ పైన, అత్యంత పల్లపు మూలలో ఒక గుంత తవ్వుకుంటే దాటి వచ్చిన మట్టి అందులో దిగుతుంది. తై నెలలో దాన్ని తోడి మళ్ళీ తోటకే వేసుకోవచ్చు.

పురుగుల లద్దె: ఇంట్లోనే ఉన్న ఎరువుల ఫ్యాక్టరీ

పురుగు తిన్న ఆకులోని సారంలో గూడుగా మారేది కొంతే. మిగిలినదంతా లద్దెగా, తినగా మిగిలిన ఆకుగా, రెమ్మలుగా పడకలోనే ఉంటుంది. ఒక హెక్టారు మల్బరీ మీద ఏడాదికి సుమారు 12 నుంచి 15 టన్నుల వ్యర్థం వస్తుంది, అంటే ఎకరాకు ఐదారు టన్నులు. ఇంత సారం ఉన్న దాన్ని కాలువ గట్టున, రోడ్డు పక్కన కుప్ప పోయడం మనం రోజూ చూస్తున్నాం. వాన పడితే ఆ కుప్ప నుంచి కారే నల్లటి నీరు నేరుగా కాలువలో దిగుతుంది. ఎరువుల బస్తాను కాలువలో విప్పి పోయడానికి, దీనికి తేడా లేదు. పైగా ఆ లద్దెలో గ్రాసరీ, సున్నపుకట్టు రోగాల క్రిములు ఉంటాయి, ఊజీ ఈగ పురుగులు ఉంటాయి. కాలువ నీటితో కింది ఊరి రైతు తోటకు, అక్కడి నుంచి ఆయన షెడ్డుకు రోగం చేరుతుంది. ఈ కారణానికే పచ్చి లద్దెను నేరుగా తోటలో చల్లడం కూడా తగదు.

పడక శుభ్రం చేసే పని ఎక్కువగా చేసేది ఇంటి ఆడవారు. అందువల్ల ఈ భాగం వారు తప్పక వినాలి. షెడ్డుకు దూరంగా, గాలివాటం చూసుకుని, నీరు నిలవని మెరక మీద రెండు గుంతలు తీయాలి. లోతు మూడు అడుగులు మించకూడదు, పొడవు వెడల్పులు మీ పంట పరిమాణాన్ని బట్టి. ఒక పొర లద్దె, రెమ్మలు, దాని మీద పేడనీళ్ళు, కొద్దిగా బూడిద, కొద్దిగా సూపర్ ఫాస్ఫేట్. ఇలా పొరలు పొరలుగా నింపి నేలకు అడుగు ఎత్తు వచ్చాక పైన మట్టితో మెత్తాలి. పైన తాటాకు పందిరి వేస్తే వాన నీరు దిగి సారం కారిపోదు. నెల తరువాత ఒకసారి తిరగవేయాలి. మూడు నాలుగు నెలల్లో ముట్టుకుంటే పొడిపొడిగా, మట్టి వాసనతో ఎరువు సిద్ధమవుతుంది. లోపల పుట్టే వేడికి రోగక్రిములు చాలావరకు నశిస్తాయి. ఒక గుంత మాగుతుండగా రెండోది నింపుకోవచ్చు. వానపాములతో చేసుకునేవారికి ఇంకా త్వరగా అవుతుంది.

రోగం వచ్చిన పురుగులను, చచ్చిన పురుగులను ఈ గుంతలో వేయవద్దు. సున్నం కలిపిన బ్లీచింగ్ పౌడరు నీళ్ళ బేసినులో వేసి, తరువాత దూరంగా లోతుగా పాతిపెట్టాలి లేదా కాల్చాలి. షెడ్డు కడిగిన బ్లీచింగ్ నీళ్ళు, ఫార్మలిన్ నీళ్ళు కాలువలోకి వదలకూడదు, చేపలు చస్తాయి. షెడ్డు వెనుక కంకర, ఇసుక నింపిన ఇంకుడు గుంత ఒకటి చాలు. అది తాగునీటి బావికి దూరంగా ఉండాలి.

తాయ్ సరస్సు సంగతి

ఇది మన ఒక్కరి సమస్యే అనుకోకండి. పట్టుకు పుట్టినిల్లయిన చైనాలో, షాంఘై నగరానికి పడమట తాయ్ అనే పెద్ద సరస్సు ఉంది. దాని ఒడ్డు ఊళ్ళు వందల ఏళ్ళుగా మల్బరీకి, పట్టుకు ప్రసిద్ధి. 2007 మే నెలలో ఆ సరస్సు మీద పచ్చని నాచు పరుచుకుని, వూషీ నగరంలో ఇరవై లక్షల మందికి కుళాయి నీరు తాగడానికి పనికిరాకుండా పోయింది. ఫ్యాక్టరీలు, నగరాల మురుగు, పొలాల ఎరువులు అన్నీ కలిసి చేసిన పని అది.

అదే సరస్సు దక్షిణపు ఒడ్డున హూజౌ ప్రాంతంలో పాతకాలపు ఏర్పాటు ఒకటి ఇంకా మిగిలి ఉంది. చేపల కుంట తవ్విన మట్టితో గట్టు వేసి, గట్టు మీద మల్బరీ నాటుతారు. ఆకు పురుగుకు, పురుగు లద్దె చేపకు, కుంట అడుగు బురద మళ్ళీ మల్బరీకి. గట్టు నుంచి కారిన ఎరువు కుంట దాటి పోదు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2017లో దీన్ని ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. మన దగ్గర అంత నీరు లేదు, కాబట్టి అలాగే చేయమని చెప్పడం లేదు. కానీ కుంట బురదను తోటకు తోలే పని మన తాతలకు కూడా తెలుసు. వేసవిలో చెరువు ఎండగానే బండ్లు కట్టుకుని ఒండ్రు తోలుకునేవారు. చెరువు లోతయ్యేది, పొలం బలిసేది.

ఇప్పుడు కూడా చెరువు ఒండ్రును వ్యవసాయానికి తోలుకోవడానికి తమిళనాడు ప్రభుత్వం రైతులకు అనుమతి ఇస్తున్నది. పట్టా, అడంగల్ నకళ్ళతో తాలూకా కార్యాలయంలో అడగాలి. అయితే నగరపు మురుగు, అద్దకపు నీరు చేరిన చెరువుల మట్టి మాత్రం మన తోటకు వద్దు. అందులో లోహాలు, ఉప్పు ఉండవచ్చు. ఉప్పు ఎక్కితే మల్బరీ ఆకు అంచులు మాడతాయి, చాకీ పురుగు ఆ ఆకును ముట్టదు. అనుమానం ఉంటే మట్టిని పరీక్ష చేయించాకే బండి కట్టండి.

మట్టి నమూనా పంపే విధం

పురట్టాసి నెలాఖరులోగా, అంటే పెద్ద వానలకు ముందే, ప్రతి తోట నుంచి మట్టి నమూనా తీయాలి. ఎరువు వేసి నెల దాటని నేలలో తీయవద్దు. గట్లు, పెంటకుప్ప చోటు, చెట్ల నీడ, కాలువ పక్క వదిలేయాలి. ఎకరంలో ఎనిమిది పది చోట్ల పైన చెత్త తుడిచి, అడుగు లోతున ‘వి’ ఆకారపు గుంత తీసి, దాని పక్క గోడ నుంచి పైనుంచి కిందికి సమానంగా ఒక పలక మట్టి గీకాలి. అన్నిటినీ శుభ్రమైన గోనె మీద కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు తీసేస్తూ అరకిలో మిగిలే వరకు తగ్గించాలి. నీడలో ఆరబెట్టి గుడ్డ సంచిలో కట్టాలి. ఎరువుల సంచి వాడితే పరీక్ష ఫలితం తప్పుతుంది. బావి నీటి నమూనా కావాలనుకుంటే మోటారు పావుగంట నడిచిన తరువాత శుభ్రమైన సీసాలో లీటరు పట్టి, అదే రోజు తీసుకురావాలి. సంచిలో ఒక చీటీ పెట్టి, దాని మీద రైతు పేరు, ఊరు, సర్వే నంబరు, మల్బరీ రకం, తోట వయసు, కిందటి పంటకు వేసిన ఎరువు, వేసిన తేదీ రాసి, మీ ఫిర్కా పట్టు పరిశ్రమ సహాయకుడికి అందజేయండి.